దసరా నుంచి సంక్రాంతి దాకా బరువు పెరగకుండా ఉండాలంటే

విజయదశమి పులిహోరతో మొదలై కనుమ గారెలతో ముగిసే మూడు నెలల కాలంలో విశాఖపట్నం ఇళ్లలో నూనె మూకుడు పొయ్యి ఎక్కని వారం అరుదు. నడుమ దీపావళి మిఠాయిలు, కార్తీకమాసపు వనభోజనాలు, పెళ్లి విందులు, ధనుర్మాసపు ప్రసాదాలు, క్రిస్మస్ కేకులు, డిసెంబరు 31 రాత్రి విందు వస్తాయి. చివరగా భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ వరుసగా నాలుగు రోజులు ఉండనే ఉన్నాయి. ఈ కాలంలో బరువు పెరిగినవారిని ఎవరిని కదిపినా "పండగలు కదండీ" అంటారు. నేనూ చాలా ఏళ్లు ఆ మాటే చెప్పుకున్నాను. అయితే పంచాంగం ముందు పెట్టుకుని లెక్కిస్తే, నిజంగా పండుగ అనదగిన రోజులు మా ఇంటి లెక్కలో పది, పన్నెండుకు మించలేదు. మిగిలిన ఎనభై రోజులూ మామూలు రోజులే. ఆ మామూలు రోజుల్లో వంటింటి గట్టు మీద, మూత సరిగా పెట్టని పిండివంటల డబ్బా ఒకటి ఉంటుంది. పండుగ భోజనం కన్నా ఎక్కువ బరువు పెంచేది ఆ డబ్బాయేనని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ చెప్పే ఉపాయాల్లో చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా తూకం

అమెరికాలో నవంబరు చివరలో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నుంచి కొత్త సంవత్సరం దాకా సాగే పండుగల కాలంలో 195 మంది పెద్దవారి బరువును పదేపదే తూచి చూసిన అధ్యయనం ఒకటి 2000లో వెలువడింది. ఆ కొద్ది వారాల్లో వారు సగటున పెరిగింది సుమారు 370 గ్రాములు మాత్రమే. తాము పెరిగామని వారు అనుకున్నదానికన్నా ఇది చాలా తక్కువ. ఇంతేనా అని తేలిగ్గా తీసుకునే వీలు లేకుండా, ఆ పెరిగిన కొద్దిపాటి బరువూ తరువాతి నెలల్లో దిగిపోలేదని కూడా అదే అధ్యయనంలో తేలింది. ఏటా ఇలా మిగిలిపోయే మూడు, నాలుగు వందల గ్రాములే ముప్పై ఏళ్ల వయసులో కుట్టించుకున్న చొక్కాను నలభై ఏళ్లకు పట్టనివ్వవు. మన పండుగల కాలం వారి కాలానికి దాదాపు రెట్టింపు నిడివి గలదని కూడా గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌లో 272 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. అందులో సగం మందికి క్రిస్మస్ రోజుల్లో వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకుని రాసుకోమని చెప్పారు. కొన్ని సులువైన సూచనలతో పాటు, ఏ పండుగ తినుబండారం అరగడానికి ఎంతసేపు నడవాలో తెలిపే పట్టిక ఇచ్చారు. పండుగలు ముగిసేసరికి వారికీ, అలాంటి తోడ్పాటు లేని మిగతా సగం మందికీ మధ్య సుమారు అర కిలో తేడా కనిపించింది. ఖర్చు లేని పని కాబట్టి మనం మొదలుపెట్టవలసింది ఇక్కడి నుంచే.

దేవీ నవరాత్రులు మొదలయ్యేలోపు ఒకరోజు ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, కాఫీ తాగకముందు, పలుచని బట్టలతో బరువు చూసుకుని క్యాలెండరు మీద ఆ తేదీ గడిలోనే రాయండి. అప్పటినుంచి వారానికి రెండుసార్లు, ఉదాహరణకు సోమవారం, గురువారం, అదే వేళకు చూసుకోండి. ఇంట్లో తూకపు యంత్రం లేకపోతే దర్జీ టేపు చాలు. బొడ్డుకు కొంచెం పైన, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు నడుము చుట్టుకొలత తీసుకోవాలి. అది మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని భారతీయుల విషయంలో వైద్యులు లెక్కకట్టారు.

పండుగ మరునాడు తూకంలో ముల్లు ఒక కిలో ముందుకు పోతే బెంబేలెత్తి భోజనం మానేయవద్దు. పులిహోర, ఆవకాయ, అప్పడాల ఉప్పు ఒంట్లో నీటిని నిలిపి ఉంచుతుంది, ఎక్కువగా తిన్న అన్నం కూడా కొంత నీటితో కలిసే ఒంట్లో నిలవ ఉంటుంది. ఒక కిలో కొవ్వు చేరాలంటే రోజువారీ అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి, అంటే కడుపు నిండా భోజనం చేసి, ఆపైన దాదాపు 47 అరిసెలు తినాలి. అంత ఘనకార్యం ఒక్కరోజులో ఎవరి వల్లా కాదు. రెండు వారాలపాటు నాలుగు తూకాలూ పైపైకే పోతూ ఉంటే మాత్రం అది నీరు కాదని ఒప్పుకోవాలి.

నూనె మూకుడు దగ్గర

పైన చెప్పిన 47 అరిసెల లెక్క ఊరికే వచ్చింది కాదు. గత సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వండిన రోజున వంటింటి త్రాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బియ్యం ఒక కిలో, అనకాపల్లి బెల్లం 700 గ్రాములు. మూకుట్లో పోయకముందు నూనెను తూచి, వంట అయ్యాక చల్లారనిచ్చి మళ్లీ తూచాను. అరిసెలను నొక్కినప్పుడు పళ్లెంలో కారిన నూనెను కూడా అందులో కలిపాను. తగ్గిన నూనె దాదాపు 200 గ్రాములు. అరిసెలు 48 వచ్చాయి. బియ్యానికి 3,500, బెల్లానికి 2,600, నూనెకు గ్రాముకు తొమ్మిది చొప్పున 1,800 వేసుకుంటే మొత్తం 7,900 కేలరీలు. ఒక్కో అరిసెకు 165 దాకా పడింది. డెబ్బై కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో నలభై నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది సుమారుగా అంతే. కాఫీతో పాటు రెండు అరిసెలు మన లెక్కలో "ఊరికే నోట్లో వేసుకోవడం". వాటిని అరగదీయడానికి గంటా ఇరవై నిమిషాలు నడవాలి.

ఆ రోజు కళ్లారా చూసిన మరో సంగతి కూడా చెప్పాలి. మొదటి పది అరిసెలను చిల్లుల గరిటెల మధ్య నొక్కే పని నేను తీసుకున్నాను. చేతికి వేడి తగులుతోందని తొందరగా వదిలేస్తూ వచ్చాను. ఆ తరువాత మా అమ్మ గరిటెలు లాక్కుని, ఒక్కోదాన్ని మూకుడు పైనే పట్టుకుని, నూనె ధార ఆగి చుక్కలుగా మారేదాకా నొక్కి గాని పళ్లెంలో వేయలేదు. రెండు రకాలనూ పాత న్యూస్‌పేపరు మీద పెట్టి పది నిమిషాలాగి తీస్తే, నావాటి కింద అరచేయంత నూనె మరక, అమ్మవాటి కింద రూపాయి బిళ్లంత మరక కనిపించాయి. ఆ కాగితం మీదివి తినడానికి కాదు, చూడడానికి మాత్రమే పెట్టినవి. అచ్చు సిరా తగులుతుంది కనుక తినే పదార్థాన్ని న్యూస్‌పేపరు మీద ఆరబెట్టే అలవాటు మానుకోవడం మంచిది. చెప్పవచ్చిందేమిటంటే, రుచి ఏమాత్రం తగ్గకుండా నూనె తగ్గించే అవకాశం మూకుడు దగ్గరే ఉంది. నూనె బాగా కాగాక పిండి వేయాలి, ఒకేసారి మూకుడు నిండా వేయకూడదు. చల్లబడిన నూనెలో వేగేది ఎక్కువసేపు మూకుట్లో ఉండి ఎక్కువ నూనె పీలుస్తుంది. గారెల పిండిని గట్టిగా రుబ్బాలి; జారుడుగా ఉంటే గారె నూనెను తాగేస్తుంది.

బెల్లంతో చేశాం కాబట్టి పరవాలేదనే మాట పెద్దలందరి నోటా వినిపిస్తుంది. బెల్లంలో చక్కెరలో లేని ఖనిజ లవణాలు కొద్దిగా ఉన్న మాట నిజమే గాని, కేలరీల విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి విడిగా చేర్చిన తీపిని 50 గ్రాములు దాటనివ్వకూడదని, 25 గ్రాముల లోపే ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా లెక్క ప్రకారం ఒక్కో అరిసెలో 14 గ్రాములకు పైగా బెల్లం ఉంది, కాబట్టి రెండింటితోనే ఆ 25 గ్రాములు దాటిపోతాయి. గానుగ నూనె అయినా, ఇంట్లో కాచిన నెయ్యి అయినా ఇదే వరస: కొవ్వు ఎక్కడిదైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. నెయ్యి ఓడుతుండే మాడుగుల హల్వాను తినవద్దని చెప్పేంత కఠినుణ్ణి కాను. ఉసిరికాయంత ముక్క తీసుకుని, డబ్బాను పక్కవారికి అందించేయమంటాను.

డబ్బా సంగతి

ఎన్ని చేయాలనేది వండక ముందే నిర్ణయించుకోవాలి. చాలా ఇళ్లలో లెక్క బియ్యంతో మొదలవుతుంది: ఏటా రెండు కిలోలు నానబోస్తాం కాబట్టి ఈ ఏడూ రెండు కిలోలే. పిల్లలు చదువులకు వెళ్లిపోయి ఇంట్లో ఇద్దరే మిగిలినా ఆ రెండు కిలోలు తగ్గవు. దీన్ని తలకిందులు చేసి మనుషులతో మొదలుపెట్టండి. నలుగురు మనుషులకు మూడు పండుగ రోజులకు రోజుకు రెండేసి అంటే 24, పంచిపెట్టడానికి మరో 24. అంటే కిలో బియ్యం సరిపోతుంది. అరిసెలు, జంతికలు, సున్నుండలు, కజ్జికాయలు, గవ్వలు అన్నీ ఒకే పండుగకు చేయవలసిన అవసరం కూడా లేదు. రకాలు పెరిగే కొద్దీ ఒక్కోటి రుచి చూస్తూనే కడుపు నిండిపోతుందని అందరికీ తెలుసు. దీపావళికి రెండు, సంక్రాంతికి రెండు అని పంచుకుంటే వంటవారి నడుముకూ కొంత విశ్రాంతి దొరుకుతుంది.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఈ నగరంలో ఉన్నవారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచో గోదావరి వైపు నుంచో వచ్చి స్థిరపడినవారు. సంక్రాంతికి సొంతూళ్లకు వెళ్లి, పండుగ వెళ్లాక ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగేటప్పుడు చూడండి, ప్రతి చేతిలో ఒక డబ్బా ఉంటుంది. ఊళ్లో తిన్నదానికి అక్కడి నడక, పొలం తిరుగుడు కొంత సరిపెడతాయి. డబ్బాలో వచ్చిందాన్ని మాత్రం ఇక్కడ కుర్చీలో కూర్చుని, టీవీ ముందు తింటాం. ఆ డబ్బాను వచ్చిన రోజు సాయంత్రమే విప్పి మూడు వాటాలు వేయండి. ఒకటి ఇంటికి, రెండోది అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు, ఇంట్లో పనిచేసే అమ్మాయికి, పండుగ వంటలు వండుకునే తీరిక లేని పొరుగువారికి, మూడోది మీకు తెలిసిన హాస్టలు పిల్లలకు. ఇవ్వదలచినవాటిని మెత్తగా ఉన్నప్పుడే ఇవ్వాలి. రెండు వారాలు మనం తిని విసిగాక గట్టిపడినవాటిని ఇవ్వడం దానం అనిపించుకోదు. ఆఫీసుకు పట్టుకెళ్లడం వల్ల మాత్రం ప్రయోజనం లేదని అనుభవం మీద చెబుతున్నాను: మీ డబ్బా ఖాళీ అయ్యేలోపు నలుగురి డబ్బాలు మీ బల్ల మీదికి వచ్చి చేరతాయి.

ఇంటికి ఉంచుకున్న వాటాను కళ్లకు కనిపించని స్టీలు డబ్బాలో పోసి, కుర్చీ వేసుకుంటే గాని అందని పై అరలో పెట్టండి. చేతికందే చోట వేరుశనగలో, జామకాయలో, కమలాలో ఉంచండి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గాని, దారిలో వెళుతూ మూత తీసి ఒకటి నోట్లో వేసుకునే అలవాటుకు ఇంతకు మించిన మందు నాకు దొరకలేదు. రెండో నియమం, డబ్బాలోంచి నేరుగా తినకూడదు. చిన్న పళ్లెంలో రెండు జంతికలు వేసుకుని, డబ్బా మూత పెట్టి, పైకెక్కించి, అప్పుడు కూర్చుని తినాలి. నూనెలో వేగిన పొడి తినుబండారాలు వంద గ్రాములకు 500 కేలరీల చుట్టుపక్కల ఉంటాయి; పట్టుమని రెండు గుప్పిళ్లు తింటే ఒక పూట టిఫిను తిన్నట్టే.

పండుగ నాటి విస్తరి

పండుగ రోజున నోరు కట్టుకోమని నేను చెప్పను. అలా కట్టుకున్నవారు మరునాడు డబ్బా దగ్గరే దొరుకుతారు. అయితే ఆ రోజుకు ఒక్క పూట విందు భోజనం చాలు. మధ్యాహ్నం పులిహోర, బూరెలు, గారెలు తిన్నాక, రాత్రి మిగిలినవాటితో మళ్లీ అదే విస్తరి వేయకుండా మజ్జిగతో చోడి అంబలో, కూరగాయల పులుసో తీసుకోవాలి. ఉదయం పూర్తిగా మానేయడం కూడా తప్పే. పూజ అయ్యేదాకా ఖాళీ కడుపుతో ఉండి ఒంటిగంటకు విస్తరి ముందు కూర్చుంటే ఆకలి లెక్కలు వినదు. రెండు ఇడ్లీలు, ఒక పండు తిని కూర్చున్న మనిషి చేయి నిదానంగా కదులుతుంది.

మన పండుగ భోజనంలోనే పరిష్కారం కూడా ఉంది. సంక్రాంతి నాటికి చిక్కుడుకాయలు, వంకాయలు, గుమ్మడికాయ, ముల్లంగి, తోటకూర ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతుబజార్లలో రాశులుగా పడి ఉంటాయి; చిక్కుడుకాయ వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం లేని సంక్రాంతి మన వైపు ఉండదు. తీపి, వేపుడు వచ్చేసరికి ఆ కూరలు విస్తరి అంచుకు జరిగిపోవడమే తప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించే పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉంటాయి. ముందుగా కూర, పప్పు, దప్పళంతో కొంచెం అన్నం తిని, అప్పుడు గారె మీద చేయి వేస్తే రెండో గారెకే సరిపెట్టుకోగలుగుతాం. కనుమ నాడు మినుము తినాలన్న మాటను ఒక్క గారెతోనూ నెరవేర్చవచ్చు. గారెలతో పాటు నాటుకోడి కూర ఉన్న ఇళ్లలో ముక్కలు వేసుకుని, పైన తేలిన నూనెను గిన్నెలోనే వదిలేయడం మేలు. సముద్రం పక్కనే ఉన్నవాళ్లం కాబట్టి వంజరం ముక్కలకు కొదవ లేదు. వాటిని వేపుడు చేయడానికి బదులు పులుసు పెడితే నూనె సగానికి సగం తగ్గుతుంది.

ఇక బలవంతపు వడ్డనల సంగతి. కిందటేడు బంధువుల ఇంట్లో మూడో బూరె వద్దన్నప్పుడు మా పిన్ని గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకోటి యేసుకో నానా, మరీ సిక్కిపోనావు" అంది. పదేళ్లలో ఎనిమిది కిలోలు పెరిగిన మనిషితో ఆ మాట అనగలిగింది పిన్ని గనుకనే. "బరువు తగ్గాలి పిన్నీ" అంటే అక్కడ వాదన మొదలవుతుంది, చివరికి రెండు బూరెలు పడతాయి. "చాలా బాగున్నాయి పిన్నీ, కడుపు నిండిపోయింది, రెండు కట్టి ఇయ్యి, రేపు తింటాను" అంటే ఆమె ముఖం వికసిస్తుంది, గరిటె వెనక్కి వెళుతుంది. కట్టించుకున్న రెండింటినీ ఇంటిల్లిపాదీ పంచుకోవచ్చు. వడ్డించేవారు దగ్గరికి రాకముందే విస్తరిలో ఏదో ఒక ముక్క మిగిల్చి ఉంచడం కూడా పనిచేస్తుంది. ఖాళీ విస్తరిని చూస్తే మన వారికి చేయి ఆగదు.

ఉపవాసాలు, విందులు

కార్తీకమాసంలో సోమవారాలు ఉపవాసం ఉంటున్నాను కాబట్టి బరువు తగ్గుతాననుకునేవారు ఆ రాత్రి నక్షత్ర దర్శనం తరువాత ఏం తింటున్నారో ఒకసారి రాసుకోవాలి. పగలంతా టీలతో గడిపి, రాత్రి చలిమిడి, వేయించిన బంగాళాదుంపలు, సగ్గుబియ్యం పాయసం వరసగా పట్టిస్తే, మామూలు రోజు కన్నా ఎక్కువే లోపలికి పోతుంది. ఉపవాసం దేవుడి కోసం చేయండి, బరువు కోసం లెక్క వేయవద్దు. ముడసర్లోవకో, కంబాలకొండకో వనభోజనాలకు వెళ్లినప్పుడు ఆటలను భోజనం తరువాతికి వాయిదా వేస్తే అవి ఎప్పటికీ జరగవు. ముందు ఆడి, తరువాత ఉసిరి చెట్టు కింద కూర్చోండి.

పెళ్లి బఫేలలో పళ్లెం చేతిలోకి తీసుకోకముందు బల్లలన్నీ ఒక చుట్టు తిరిగి చూడాలి. మామూలుగా ఇంట్లో దొరికే అన్నం, అప్పడం మీద చోటు వృథా చేయకుండా, నిజంగా తినాలనిపించిన మూడు పదార్థాలు ఎంచుకుని వాటికే పళ్లెంలో చోటివ్వాలి. ప్రవేశద్వారం దగ్గర చేతిలో పెట్టే రంగునీళ్లను మర్యాదగా తిప్పి పంపడం అన్నిటికన్నా సులువు.

డిసెంబరు 31 రాత్రి గురించి ఒక్క మాట. మద్యంలో గ్రాముకు ఏడు కేలరీలు ఉంటాయి. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 140 కేలరీలు. దానిలో శీతల పానీయం కలిపితే చక్కెర కూడా తోడవుతుంది, 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకు పైగానే. దానికన్నా అసలు నష్టం పక్కన పెట్టుకునే వేపుళ్ల వల్ల జరుగుతుంది. తాగే అలవాటు లేనివారు ఈ ఒక్కరోజు కోసం మొదలుపెట్టవలసిన అవసరమేమీ లేదు.

నడక

నడకతో తిన్నదంతా కరిగిపోతుందని ఆశించకూడదని అరిసె లెక్కే చెప్పింది. అయినా ఈ మూడు నెలల్లో విశాఖలో నడవకపోవడం మనకు మనం చేసుకునే అన్యాయం. ఏడాదిలో చెమట కారకుండా నడవగలిగే రోజులు ఇవే. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి వదిలేస్తారు. సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఆ వేళకు వేడుకలా ఉంటుంది. జనవరి మొదట్లో పొద్దు ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా సముద్రంలోంచి పైకి వస్తుంది, కాబట్టి ఆరింటికి బయలుదేరితే చాలు. తడి ఇసుక మీద నడక కన్నా పొడి ఇసుక మీద నడక కష్టం, అందువల్ల ఖర్చయ్యే శక్తీ ఎక్కువే. మోకాళ్లు గట్టిగా ఉన్నవారికి సింహాచలం కొండకు సుమారు వెయ్యి మెట్లు ఉన్నాయి; మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ఆ మెట్ల జోలికి పోకుండా శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు బాటలతో సరిపెట్టుకోవాలి.

నడక ముగిసిన చోటే టిఫిన్ బండి ఉండడం మన బీచ్ రోడ్డు పరీక్ష. ఉదయం నలభై నిమిషాలు నడిచి వెళ్లి పూరీ, బజ్జీ తింటే ఆ నడక అక్కడితో చెల్లు. సాయంత్రం వెళ్లేవారికి మాత్రం అదృష్టవశాత్తూ మురీ మిక్చర్ ఉంది: మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కొన్ని వేరుశనగలు. వేపుళ్ల పక్కన పెట్టి చూస్తే అది ఎంతో తేలిక. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా అంతే.

పండుగ భోజనం తరువాత పావుగంట నెమ్మదిగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఆ మాట ఊళ్లు దాటే ప్రయాణాలకే గాని వీధి చివరిదాకా నడవడానికి వర్తించదని మా తాతయ్యతో వాదించి గెలిచాను. ఇప్పుడు ఆయనే ముందు చెప్పులు వేసుకుంటున్నారు. భోగి మంట కోసం తెల్లవారకముందే లేచేవారు ముందు రాత్రి పేకాటతో మేలుకోకుండా పడుకోవాలి, ఎందుకంటే నిద్ర చాలని రోజున ఆకలి, ముఖ్యంగా తీపి మీదికి మనసు పోవడం, రెండూ పెరుగుతాయి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసాలు ఉండకూడదు, పూట తప్పకూడదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, బాలింతలు, బక్కచిక్కిన వృద్ధులు ఈ తూకాల జోలికి పోనక్కరలేదు. పిల్లలను తూచి అందరి ముందు అంకె చదవడం అసలే వద్దు.

రథసప్తమి నాటి తూకం

సంక్రాంతి వెళ్లగానే తూకం చూస్తే ఉప్పూ నీరూ కలిసి తప్పుదారి పట్టిస్తాయి. కొన్ని రోజులు ఆగి, మాఘమాసంలో రథసప్తమి నాటి ఉదయం అదే వేళకు, అలాంటి బట్టలతోనే చూసి, నవరాత్రుల ముందు రాసుకున్న అంకె పక్కన రాయండి. అర కిలో లోపు తేడా ఉంటే మామూలు భోజనానికి తిరిగి వస్తే చాలు. ఒక కిలో పెరిగి ఉంటే, రోజుకు 200 కేలరీలు తగ్గించుకుంటూ పోతే దాదాపు 39 రోజుల పని. మధ్యాహ్నం అర కప్పు అన్నం తగ్గిస్తే సుమారు వంద, రోజూ అరగంటకు కొంచెం పైగా నడిస్తే, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది తీసివేయగా, మరో వంద వస్తాయి. రథసప్తమికీ ఉగాదికీ మధ్య ఏడు వారాలకు పైగా వ్యవధి ఉంటుంది, అందులో నూనె మూకుడు పొయ్యి ఎక్కవలసిన పండుగ ఒక్కటీ లేదు. నడుమ వచ్చే శివరాత్రి కూడా ఉపవాసపు పండుగే. పై అరలోని డబ్బాలో అరిసెలు ఇంకా మిగిలి ఉంటే, ఆ వారంలోనే ఒక్కోదాన్ని ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టించి మెత్తబడనిచ్చి, ఇంట్లోవాళ్లు సగం సగం తిని, డబ్బా కడిగి ఎండలో బోర్లించండి.